రిటైరయ్యాక ఒంటరిగా బైకు మీద ఆఫ్రికా: వైజాగ్‌లో చేయాల్సిన ఏర్పాట్ల నుంచి కేప్ టౌన్ దాకా

పోర్టులోనో, స్టీల్ ప్లాంటులోనో, డాక్‌యార్డులోనో పనిచేసి రిటైరైనవాళ్లు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే: "గురువుగారూ, ఆఫ్రికా బైకు మీద తిరగాలంటే అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం మర్చిపోతారు కాబట్టి వరసగా రాసేస్తున్నాను.

ఇక్కడ చెప్పే దారి మొంబాసా నుంచి కేప్ టౌన్ దాకా. కెన్యా, టాంజానియా, జాంబియా, బోట్స్‌వానా, నమీబియా, దక్షిణాఫ్రికా. మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇదే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆరు దేశాల్లోనూ మనలాగే రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతారు, ఇంగ్లీషుతో పని గడుస్తుంది. ఈజిప్టు నుంచి కిందికి దిగాలన్న కోరిక చాలామందికి ఉంటుంది గానీ సూడాన్‌లో 2023 ఏప్రిల్ నుంచి యుద్ధం, ఆ దారి ఇప్పుడు తలపెట్టొద్దు.

ఒక్క లెక్క మాత్రం మొదటి నుంచీ చివరిదాకా గుర్తుంచుకోండి. అరవై దాటినవాళ్లకి టైముకి కొదవ లేదు, కొదవ ఉన్నది ఒంట్లో బలానికి. బైకు కొన్నా, సామాను సర్దినా, రోజుకి ఎంత దూరమో అనుకున్నా, బరువు తగ్గుతోందా, తొందర తగ్గుతోందా అని చూసుకోండి.

## 1. ముందు నెల ఖాయం చేసుకోండి

తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా. దక్షిణాన జాంబియా, బోట్స్‌వానా వైపు వానలు నవంబరు నుంచి మార్చి దాకా. కేప్ టౌన్‌లో మాత్రం తలకిందులు, అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం, వానలు అప్పుడే.

ఈ మూడూ కలిపి చూస్తే జూన్ చివర్లో మొంబాసాలో బయల్దేరి, సెప్టెంబరు చివరికో అక్టోబరు మొదట్లోనో కేప్ టౌన్ చేరడం సరిపోతుంది. అంటే బైకు ఏప్రిల్‌లోనే వైజాగ్ దాటాలి, కాగితాల పని అంతకుముందు దసరాకే మొదలవ్వాలి.

వైజాగ్ ఉక్కపోతకి అలవాటుపడ్డవాళ్లు ఆఫ్రికా అంటే ఎండే అనుకుని చలి బట్టలు వదిలేస్తారు. నైరోబీ దాదాపు 1,700 మీటర్ల ఎత్తులో ఉంది, జూలై పొద్దుళ్లు చేతులు కొంకర్లు పోతాయి. నమీబియా లోపలి ప్రాంతాల్లో జూలై, ఆగస్టు రాత్రుళ్లు సున్నా దాకా పడిపోతుంది.

## 2. ఒంటిని చూపించుకోవడం

బైకు కన్నా ముందు ఇది. గుండె డాక్టర్ దగ్గర ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష. కళ్ల డాక్టర్ దగ్గర శుక్లాలు ఉన్నాయా లేవా. ఆపరేషన్ అవసరమైతే వాయిదా వేయకుండా చేయించుకుని, పూర్తిగా కోలుకున్నాకే హ్యాండిల్ పట్టండి. పళ్లు కూడా చూపించుకోండి, పంటి నొప్పితో జాంబియా మధ్యలో ఆగిపోవడం ఎవరికీ వద్దు.

ఎల్లో ఫీవర్ టీకా గురించి జాగ్రత్తగా చదవండి, మన వయసువాళ్లకి ఇది అసలు సంగతి. అరవై దాటాక మొదటిసారి ఈ టీకా వేయించుకునేవాళ్లకి తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే ముప్పు చిన్నవాళ్ల కంటే ఎక్కువ. అందుకని నేరుగా వెళ్లి చేయి చాపకుండా ముందు మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి. అదే సమయంలో, కెన్యా లాంటి దేశం నుంచి సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. డాక్టర్ టీకా వద్దని మినహాయింపు కాగితం రాసిస్తే దానితో ఏం చేయాలో బయల్దేరేముందే అధికారులను అడిగి తెలుసుకోండి. వైజాగ్‌లో పోర్ట్ హెల్త్ ఆఫీసులో ఈ టీకా వేస్తారు, ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని వెళ్లండి. టీకా వేసిన పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం.

మలేరియా మాత్రలు డాక్టర్ రాసినవే వాడండి. డాక్సీసైక్లిన్ వాడితే ఎండకి చర్మం మాడుతుంది, పైగా ఆ ప్రాంతం దాటాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు చాలు, ఖరీదు ఎక్కువ.

మందుల చెక్‌లిస్టు:
- బీపీ, షుగర్ మాత్రలు ప్రయాణానికి సరిపడా, పైన ఇంకో నెలకి
- మందుల అసలు పేర్లు, అంటే జెనరిక్ పేర్లు రాసి ఉన్న ప్రిస్క్రిప్షన్
- సగం మందులు ట్యాంకు బ్యాగులో, సగం వెనక సామానులో
- ఇన్సులిన్ వాడేవాళ్లకి చల్లగా ఉంచే పౌచ్
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దండిగా

## 3. బైకు

నా మాట సూటిగా చెప్పేస్తాను: సామాను కట్టిన బైకుని పడిన చోట నుంచి ఒక్కరే లేపలేకపోతే అది మీ బైకు కాదు. సీసీ గురించి, కంపెనీ గురించి చర్చ దాని తర్వాత.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ దాదాపు 200 కిలోలు, హీరో ఎక్స్‌పల్స్ 200 దాదాపు 160. ఈ నలభై కిలోల తేడా బీచ్ రోడ్డులో తెలీదు, నమీబియా కంకరలో పడుకున్న బైకు పక్కన నిలబడినప్పుడు తెలుస్తుంది. మోకాళ్లు గట్టిగా, ఎత్తు బాగా ఉన్నవాళ్లకి హిమాలయన్ హాయిగా ఉంటుంది, మిగతా అందరికీ నేను చిన్న బైకే చెబుతాను.

ఇంకో ఉపాయం కూడా ఉంది. కెన్యా, ఉగాండా వీధుల్లో బోడా బోడా అని తిరిగే బైకు టాక్సీల్లో ఎక్కువ భాగం మన బజాజ్ బాక్సర్లూ, టీవీఎస్ హెచ్ఎల్ఎక్స్‌లే. వాటి పార్టులు, వాటిని విప్పి బిగించే మెకానిక్కులు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతారు. మీ బైకు పార్టులు అవే కాకపోయినా, గొలుసు సరిచేయడం, ట్యూబు మార్చడం, క్లచ్ కేబుల్ వేయడం లాంటివి వాళ్లకి కొట్టిన పిండి.

బయల్దేరేముందు బైకుకి:
- కొత్త టైర్లు, కొత్త చైన్ సెట్, కొత్త బ్రేక్ ప్యాడ్లు
- అదనంగా క్లచ్ కేబుల్, లివర్లు, ట్యూబులు, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు
- సైడ్ స్టాండ్ అడుగున వెడల్పు ప్లేటు (ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయిస్తే ఇసుకలో స్టాండ్ దిగబడదు)
- గట్టి హ్యాండ్ గార్డులు, ఇంజిన్ కింద రాళ్ల దెబ్బ తగలకుండా బాష్ ప్లేటు

## 4. ఇక్కడే చేయాల్సిన ప్రాక్టీసు

ఈ భాగాన్ని దాటేసేవాళ్లే ఎక్కువ, తర్వాత ఇబ్బంది పడేదీ వాళ్లే.

మొదట బైకు లేపడం. పచ్చిక మీద కావాలనే మెల్లగా పడుకోబెట్టండి. ఇంజిన్ ఆపండి, సామాను విప్పండి, గేరు ఒకటిలో వేయండి. బైకు కుడివైపు పడితే లేపకముందే సైడ్ స్టాండ్ దించి ఉంచండి, లేకపోతే లేచిన బైకు అవతలి వైపు పడుతుంది. హ్యాండిల్‌ని నేల వైపు పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి గొంతుకూర్చోండి. ఒక చేత్తో కింది గ్రిప్, ఇంకో చేత్తో వెనక రాడ్డు పట్టుకుని, నడుం వంచకుండా చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. బలమంతా తొడల నుంచి రావాలి. పది నిమిషాల తేడాలో రెండుసార్లు చేయగలిగితే సరే, నడుం పట్టేస్తే బరువు తగ్గించుకోవాల్సిందే.

తర్వాత ఘాట్. పూర్తి సామానుతో అనంతగిరి మీదుగా అరకు వెళ్లి, ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పాడేరు మీదుగా దిగండి. ఏజెన్సీ ఊళ్లలోకి వెళ్లే మట్టి, కంకర రోడ్లు నమీబియాకి మంచి బడి. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకుని అదిమి, చూపు ముందు చక్రం మీద కాకుండా దూరంగా పెట్టి నడపడం అక్కడే ఒంటికి పట్టించుకోండి. అది కుదిరాక కోరాపుట్ మీదుగా జగదల్‌పూర్ దాకా వెళ్లి రండి.

మూడోది పంక్చర్. స్పోక్ చక్రం విప్పి, ట్యూబు తీసి, ప్యాచ్ వేసి, గాలి కొట్టి మళ్లీ బిగించడం ఇంటి ముందు ఎవరి సాయం లేకుండా చేయండి. ట్యూబు లోపలికి పెట్టేముందు కాస్త గాలి నింపితే లివరు కింద నలిగి చిరగదు.

## 5. కాగితాలు

పాస్‌పోర్టు గడువు, ఖాళీ పేజీలు చూసుకోండి. కొత్తగా తీసుకుంటుంటే మర్రిపాలెం ఆఫీసుకి దరఖాస్తులో 60 పేజీలది అడగండి.

డ్రైవింగ్ లైసెన్సు గడువు చాలామంది చూడరు. 55 దాటాక రెన్యువల్ ఐదేళ్లకే ఇస్తారు, ప్రయాణం మధ్యలో అయిపోకుండా చూసుకోండి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు: ఫారం 4ఏ, పాస్‌పోర్టు, ఫీజు 1,000 రూపాయలు. ఒక్క ఏడాదే చెల్లుతుంది, అందుకని మరీ ముందుగా తీసుకోవద్దు.

కార్నె. దీన్ని బైకుకి పాస్‌పోర్టు అనుకోండి. మీ బైకుని ఆ దేశంలో అమ్మేయను, తిరిగి తీసుకెళ్తాను అని హామీ ఇచ్చే పుస్తకం. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది, చెల్లుబాటు ఏడాది. బైకు విలువని బట్టి, వెళ్లే దేశాలని బట్టి బ్యాంకు గ్యారంటీ అడుగుతారు, ఆ సొమ్ము అన్నాళ్లూ ఇరుక్కుపోయి ఉంటుంది. రిటైర్మెంట్ డబ్బు ఎఫ్‌డీల్లో వేసేముందే ఈ లెక్క చూసుకోండి. ఈ దారిలో కొన్ని దేశాలు బోర్డర్‌లోనే తాత్కాలిక పర్మిట్ ఇస్తాయి గానీ, ఓడలో బైకు పంపేవాళ్లు కార్నె లేకుండా వెళ్లొద్దనే నా సలహా.

కార్నెలో, బైకు ఆర్సీలో, పాస్‌పోర్టులో పేరు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండటం మన తెలుగువాళ్లకి మామూలే, ముందే సరిచేయించండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కూడా బైకు మీద చూసి సరిపోల్చండి.

వీసాల గురించి క్లుప్తంగా: కెన్యాకి 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి, టాంజానియాకి ఈవీసా. దక్షిణాఫ్రికా వీసా ఇండియాలోనే తీసుకుని బయల్దేరండి. మీరు అక్కడికి చేరేది మూడో నెలలో కాబట్టి దరఖాస్తులో ఆ తేదీలే రాయండి, చేతికొచ్చాక గడువు చదవండి. మిగతా దేశాల నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో చూసుకోండి, మారుతూ ఉంటాయి.

## 6. బైకుని పెట్టెలో పెట్టి పంపడం

వైజాగ్‌లో కస్టమ్స్ ఏజెంట్‌ని పట్టుకోండి, కార్నె మీద వాహనం పంపిన అనుభవం ఉందా అని మొదటే అడగండి. మన రేవు నుంచి పెట్టె మధ్యలో ఎక్కడో ఓడ మారే అవకాశం ఎక్కువ, అందుకని చెప్పిన తేదీకి రెండు మూడు వారాలు కలుపుకోండి.

వరస ఇలా:
- పెట్రోలు పూర్తిగా తీసేయండి, బ్యాటరీ వైర్లు విప్పి టేపు చుట్టండి
- ముందు చక్రం, అద్దాలు విప్పండి, హ్యాండిల్ వదులు చేసి కిందికి దించండి (ఛార్జీ పెట్టె ఘనపరిమాణాన్ని బట్టి, అంగుళం తగ్గినా లాభమే)
- బైకుని పెట్టె అడుగుకి నాలుగు వైపులా పట్టీలతో బిగించండి
- పెట్టె చెక్క మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (పురుగు లేకుండా చెక్కని శుద్ధి చేశారనే గుర్తు) ఉందో లేదో కళ్లారా చూడండి, లేకపోతే అవతల రేవులో గొడవ
- సీలు వేసేముందు నాలుగు వైపులా ఫోటోలు
- కార్నెలో మన కస్టమ్స్ ముద్ర పడిందని చూశాకే ఇంటికి రండి

మొంబాసాలోనూ ఒక క్లియరింగ్ ఏజెంట్‌ని ముందే మాట్లాడుకోవాలి. ఉచిత రోజులు దాటితే రేవులో నిల్వ ఛార్జీలు మొదలవుతాయి, అందుకని పెట్టె కన్నా మీరే ముందు చేరేలా టికెట్ తీసుకోండి.

## 7. సామాను

మెత్తని బ్యాగులే తీసుకోండి, ఇనప పెట్టెలు వద్దు. పడ్డప్పుడు కాలు దాని కింద ఇరుక్కుంటే ఎముక విరుగుతుంది.

మనం ప్రతిదీ పాలిథిన్ కవర్లో చుట్టి సర్దుతాం. కెన్యా 2017 నుంచి, టాంజానియా 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్ని నిషేధించాయి, జరిమానాలు పెద్దవి. గుడ్డ సంచులు, డ్రై బ్యాగులు వాడండి.

ముదురు నీలం, నలుపు బట్టలు తగ్గించండి, టాంజానియా, జాంబియా అడవి దారుల్లో త్సెత్సే ఈగలు ఆ రంగులకే ముసురుతాయి, జీన్స్ మీద నుంచి కూడా కుడతాయి.

పిల్లలు ప్రేమతో శాటిలైట్ మెసెంజర్ కొనిస్తామంటారు. అనుమతి లేకుండా అలాంటి పరికరం మన దేశంలో దగ్గర ఉంచుకోవడం నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుబడినవాళ్లు ఉన్నారు. ఇక్కడి నుంచి పట్టుకెళ్లొద్దు, అక్కడ అద్దెకో కొనుక్కునో వాడితే తిరిగి తీసుకురావద్దు. ప్రతి దేశంలో లోకల్ సిమ్, ఫోన్లో ముందే దించుకున్న మ్యాపులు, సాయంత్రం ఇంటికి ఒక మెసేజ్, ఈ దారికి ఇవి చాలు.

తిండికి బెంగ వద్దు. చపాతీ, చిక్కుడు గింజల కూర కెన్యా, టాంజానియాల్లో రోడ్డు పక్క హోటళ్లలో దొరుకుతాయి. ఒక చిన్న డబ్బా కందిపొడి చాలు, ఆవకాయ నూనె కారి బట్టలన్నీ పాడవుతాయి.

## 8. డబ్బు, పెన్షన్, ఓటీపీ

లైఫ్ సర్టిఫికెట్ ఎప్పుడు ఇవ్వాలో చూసుకోండి. కేంద్ర పెన్షనర్లకి నవంబరు, ఈపీఎఫ్ పెన్షన్ వాళ్లకి ఇచ్చిన రోజు నుంచి ఏడాది. ఈపీఎఫ్ వాళ్లు బయల్దేరేముందే జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్‌లో ఇచ్చేస్తే పని అయిపోతుంది.

బ్యాంకు ఓటీపీలు వచ్చే ఇండియా సిమ్‌కి రోమింగ్ ఆన్ చేయించి, గడువు అయిపోకుండా రీఛార్జి చేసి వెళ్లండి. ఇది మర్చిపోతే కార్డు చేతిలో ఉన్నా డబ్బు రాదు.

నగదు డాలర్లు మనిషికి ఒక ప్రయాణానికి 3,000 దాకా తీసుకెళ్లొచ్చు. కొత్త నోట్లే అడగండి, 2009కి ముందు ముద్రించినవి, చిరిగినవి చాలాచోట్ల తీసుకోరు. మిగతాది రెండు వేర్వేరు బ్యాంకుల కార్డుల్లో.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో మూడు వాక్యాలు వెతకండి: మీ వయసు, బైకు నడపడం, హెలికాప్టర్ లేదా విమానంలో తరలింపు. బైకు సీసీకి పరిమితి ఉందేమో చిన్న అక్షరాల్లో చూడండి. పాత జబ్బులు దాచకుండా రాయండి.

## 9. బోర్డర్ దాటే వరస

కార్నెలో ప్రతి పేజీ మూడు ముక్కలు. దేశంలోకి వెళ్లేటప్పుడు కింది ముక్క చింపుకుని, పై ముక్క మీద ముద్ర వేస్తారు. బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క చింపుకుని, అదే పై ముక్క మీద రెండో ముద్ర. మీ దగ్గర మిగిలే పై ముక్క మీద రెండు ముద్రలూ లేకపోతే బైకు ఆ దేశంలోనే ఉండిపోయినట్టు లెక్క, సుంకం మీ గ్యారంటీ మీదికి వస్తుంది. అందుకని కౌంటర్ దగ్గరే పుస్తకం తెరిచి ముద్ర, తేదీ, సంతకం చూడండి. వెనక లారీ డ్రైవర్లు తోస్తున్నా కదలొద్దు.

వరస ఎప్పుడూ ఇదే: ఇమిగ్రేషన్, కస్టమ్స్, రోడ్డు రుసుము, ఇన్సూరెన్స్. కెన్యాలోనే కొమెసా ఎల్లో కార్డు తీసుకుంటే టాంజానియా, జాంబియా దాకా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్నట్టే. బోట్స్‌వానా, నమీబియా, దక్షిణాఫ్రికాల్లో అది చెల్లదు, బోట్స్‌వానా, నమీబియా బోర్డర్లలో విడిగా రుసుములు కట్టాలి, రసీదులు దాచండి. ఈ మూడు దేశాలూ ఒకే కస్టమ్స్ యూనియన్, కాబట్టి కార్నె ముద్ర ఎక్కడ వేయాలో ప్రతి బోర్డర్‌లో అడగండి.

టాంజానియా, జాంబియా మధ్య టుండుమా దగ్గర లారీలు కిలోమీటర్ల పొడవునా ఆగి ఉంటాయి. పక్క నుంచి మెల్లగా ముందుకెళ్లండి, బైకులకి ఆ వరస అక్కర్లేదు. సాయం చేస్తామని చుట్టుముట్టే ఏజెంట్లకి పాస్‌పోర్టు ఇవ్వొద్దు. జాంబియా నుంచి బోట్స్‌వానాకి 2021లో తెరిచిన కజుంగుల వంతెన మీదుగా వెళ్లొచ్చు, ఫెర్రీ బాధ లేదు.

## 10. రోజు ఎలా గడపాలి

రోజుకి 250 కిలోమీటర్లు, మహా అయితే 300. తెల్లారాక బయల్దేరి మధ్యాహ్నం మూడింటికల్లా గది చూసుకోండి. నాలుగు రోజులు నడిపితే ఒక రోజు పూర్తి విశ్రాంతి. చీకటి పడ్డాక నడపొద్దు, ఇందులో సడలింపు లేదు: లైట్లు లేని లారీలు, రోడ్డు మీద పశువులు, గుంతలు.

మొంబాసా నుంచి నైరోబీ దాదాపు 480 కిలోమీటర్లు, లారీల రోడ్డు. ఒక్కరోజులో కొట్టేద్దాం అనుకోకండి, మధ్యలో మ్టిటో అండేయ్‌లో పడుకోండి.

టాంజానియాలో ఊరి బోర్డు కనపడగానే 50కి దిగండి, స్పీడ్ కెమెరాతో పోలీసులు చెట్టు కింద ఉంటారు. ఆపితే హెల్మెట్, కళ్లజోడు తీసి నమస్కారం పెట్టి మాట్లాడండి, జరిమానా కడితే రసీదు అడగండి. అక్కడ చిన్నవాళ్లు పెద్దవాళ్లని "షికమో" అని పలకరిస్తారు, మీరు "మరహబా" అనాలి. నెరిసిన జుట్టుకి అక్కడ దక్కే మర్యాద నిజంగా గొప్పది.

బోట్స్‌వానాలో కసానే నుంచి నాటా దాకా 300 కిలోమీటర్లు రోడ్డు మీదికి ఏనుగులు వస్తాయి. వంద మీటర్ల దూరంలోనే ఆగండి, హారన్ కొట్టొద్దు, ఇంజిన్ రేజ్ చేయొద్దు, అవి దాటేదాకా ఆగండి. ఆ దారిలోనే పండమటెంగాలో పెట్రోలు నింపుకోండి. బోట్స్‌వానాలో పశువుల గాలికుంటు వ్యాధి కోసం పెట్టిన గేట్లుంటాయి, బూట్లు మందు నీళ్లలో తడపమంటారు, పచ్చి మాంసం ఉంటే తీసేసుకుంటారు.

## 11. మామూలుగా వచ్చే ఇబ్బందులు, సర్దుబాట్లు

కంకరలో హ్యాండిల్ ఊగిపోతోంది: బ్రేకు కొట్టొద్దు, గట్టిగా పట్టొద్దు. బరువు వెనక్కి వేసి, యాక్సిలరేటర్ సమంగా ఉంచండి. టైర్లలో మూడు నాలుగు పీఎస్‌ఐ తగ్గించండి, తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ కొట్టండి.

మధ్యాహ్నం తల తిరుగుతోంది: నీళ్లు తక్కువ తాగుతున్నారు. మాటిమాటికీ ఆగాల్సొస్తుందని నీళ్లు మానేసేవాళ్లు మన వయసులో చాలామంది, ఆగితే ఏం పోయింది, ఆగండి.

పెట్రోలు బంకు ఖాళీ: నమీబియాలో ఇది మామూలు. సగం ట్యాంకు ఉన్నా ప్రతి బంకులో నింపుకోండి.

మనసు దిగులుగా ఉంది: మూడో వారంలో చాలామందికి వస్తుంది. రెండు రోజులు ఒకేచోట ఉండి, ఇంటికి తీరిగ్గా మాట్లాడి, అప్పుడు నిర్ణయించుకోండి. ఇంట్లోవాళ్లతో ముందే ఒక ఒప్పందం ఉండాలి: మెసేజ్ ఎన్ని గంటలు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ హైకమిషన్ నంబరుకి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి వెళ్లండి.

## 12. తిరిగి వచ్చాక

కేప్ టౌన్ నుంచో డర్బన్ నుంచో మళ్లీ పెట్టెలో పంపండి, మట్టి అంటకుండా కడిగించి. ఆఫ్రికా దక్షిణపు కొస చూడాలంటే కేప్ ఆఫ్ గుడ్ హోప్ కాదు, కేప్ అగుల్హాస్ వెళ్లాలి.

- ఇక్కడి కస్టమ్స్‌లో తిరుగు ముద్ర వేయించండి
- అన్ని పేజీల ఫోటోలు తీసుకున్నాక కార్నె ఇచ్చిన ఆఫీసుకి తిరిగి పంపండి, గ్యారంటీ విడుదలయ్యేది అప్పుడే
- మలేరియా మాత్రల కోర్సు మధ్యలో ఆపొద్దు

వచ్చాక నెలల తర్వాతైనా సరే, జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని ఇంట్లో కూర్చోవద్దు. అదే రోజు మలేరియాకి రక్త పరీక్ష చేయించుకోండి, డాక్టర్ ఏమీ అడక్కముందే ఆఫ్రికా వెళ్లొచ్చానని చెప్పండి.